లాల్‌బాగ్ ఎలా చూడాలి: ఏ గేటు, ఏ వేళ, ఏ వరసలో

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లకి ఏడాదికి నాలుగైదు సార్లు తప్పని ప్రశ్న ఒకటుంది. "ఆదివారం వస్తున్నాం, లాల్‌బాగ్ చూడాలి, ఎంతసేపు పడుతుంది?" హిందూపురం నుంచి పెద్దమ్మ అడుగుతుంది, హైదరాబాద్ నుంచి స్నేహితుడు అడుగుతాడు, పిల్లాణ్ణి కాలేజీలో చేర్చడానికి వచ్చిన కర్నూలు బంధువులు అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసిగి ఒకేసారి రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. సిటీ టూర్ బస్సు వాళ్లు ఇచ్చే ముప్పావు గంటలో లాల్‌బాగ్ కనిపించదు. గ్లాస్ హౌస్ ముందు ఒక ఫోటో, ఐస్‌క్రీమ్, వెనక్కి. "ఏముందక్కడ, చెట్లేగా" అని తర్వాత అనేవాళ్లంతా అలా వెళ్లొచ్చినవాళ్లే. 240 ఎకరాల తోట అది. మూడు గంటలు చేతిలో ఉంటేనే వెళ్లండి. లేదంటే ఆ పూట హాయిగా కబ్బన్ పార్కులో కూర్చోండి.

చరిత్ర నాలుగు ముక్కల్లో: 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. టిప్పు సుల్తాన్ పరాయి దేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. తర్వాత జాన్ కామెరాన్ అనే ఇంగ్లీషు దొర, క్రంబీగల్ అనే జర్మన్ తోట నిపుణుడు, స్వాతంత్ర్యం వచ్చాక తోటల శాఖ అధికారి మరిగౌడ దీన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. మనం పప్పులో వేసుకునే బెంగళూరు వంకాయ ఉంది చూశారూ, అది ఈ ప్రాంతపు తోటల్లోకి కామెరాన్ కాలంలో లాల్‌బాగ్ ద్వారానే వచ్చిందంటారు. ఆ కూరగాయకి మనం ఈ ఊరి పేరు ఊరికే పెట్టలేదు.

దగ్గర ఉండాల్సినవి

- నడవడానికి అనువైన బూట్లు, అడుగు జారనివి. మడమ చెప్పులతో వచ్చి తోటలోని పెద్ద రాతి బండ దగ్గర వాటిని చేత్తో పట్టుకుని నడిచే వదినల్ని ప్రతిసారీ చూస్తాను.
- స్టీలు సీసాలో నీళ్లు. లోపల ప్లాస్టిక్ మీద పట్టింపు ఉంది, కవర్లూ డిస్పోజబుల్ గ్లాసులూ తేకండి.
- చిన్న గొడుగు. వేసవి సాయంత్రాలు, మళ్లీ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, బెంగళూరు వాన చెప్పి రాదు.
- ఫోన్‌లో చార్జింగు, కొంచెం చిల్లర. కౌంటర్ దగ్గర నెట్ సతాయించినప్పుడు చిల్లరే దిక్కు.
- పెద్దవాళ్లుంటే టోపీ, పలచటి స్వెట్టర్. ఉదయం ఆరింటికి చలి ఉంటుంది, పదింటికి ఎండ మండుతుంది.
- పెద్ద కెమెరా తెస్తే దానికి వేరే టికెట్. ఫోన్‌కి అక్కర్లేదు.

1. ముందు రోజూ వేళా తేల్చుకోండి

తోట ఏడాది పొడవునా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా తెరిచి ఉంటుంది. మంచి వేళ ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర. అప్పుడు పిట్టలు కనిపిస్తాయి, బండ చల్లగా ఉంటుంది, ఊళ్లోవాళ్లు నడకకు వస్తారు కాబట్టి తోట ఎవరిదో కూడా అర్థమవుతుంది. రెండో మంచి వేళ సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మాత్రం వద్దు.

వారంలో ఏ రోజైనా ఫర్వాలేదు గానీ ఆదివారం సాయంత్రం తప్పించుకోండి. ఆదివారమే కుదిరితే తెల్లవారే వెళ్లండి. అయితే ఆ రోజు మెట్రో మిగతా రోజులకంటే ఆలస్యంగా మొదలవుతుంది. ఆరింటికే గేటు దగ్గర ఉండాలంటే ఆటోనో క్యాబో మాట్లాడుకోవాలి.

ఏ నెల అన్నది మీకేం కావాలో దాన్ని బట్టి ఉంటుంది. గులాబీ రంగు టబెబూయా పూలు చలికాలం చివర్లో విరగబూస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో పసుపు టబెబూయా, ఆ వెనకే ఊదా రంగు జకరండా, ఏప్రిల్, మే వచ్చేసరికి మనకు తెలిసిన ఎర్ర తురాయి. ఒకటి రాలుతుంటే ఇంకొకటి పూసేలా ఊరంతా చెట్లు నాటించాలన్నది క్రంబీగల్ ఆలోచన. మే, జూన్‌లలో వస్తే లాల్‌బాగ్‌లో మామిడి, పనస మేళా జరుగుతుంది. అక్కడ 'బాదామి' అని బోర్డు కనిపిస్తే కంగారు పడకండి, అది ఆల్ఫోన్సో మామిడికి బెంగళూరు పేరు.

2. గేటు పేరు రాసుకోండి, అందరికీ అదే పంపండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. లాల్‌బాగ్‌కి నాలుగు వైపులా నాలుగు గేట్లు. "గేటు దగ్గర ఉన్నా, వచ్చెయ్" అంటే ఏ గేటు?

మా పెద్దమ్మా వాళ్లు వచ్చినప్పుడు నేను పడమటి గేటు దగ్గర, వాళ్లు మెయిన్ గేటు దగ్గర. ఇద్దరికీ ఎదురుగా టికెట్ కౌంటరే, ఇద్దరికీ పక్కన కొబ్బరిబోండాల బండే. "బోండాలాయన పక్కనే ఉన్నామురా" అని ఆమె, "నేనూ అక్కడే ఉన్నా కదా పెద్దమ్మా" అని నేను. ముప్పావు గంట పోయింది, ఎండ ఎక్కింది, పెదనాన్నకి కోపం నషాళానికి అంటింది. అప్పటి నుంచి ఎవరొచ్చినా మ్యాప్‌లో గేటు లొకేషనే పంపుతున్నాను.

ఏది ఎప్పుడు వాడాలంటే:

- మెయిన్ గేటు: ఉత్తరం వైపు, డబుల్ రోడ్డు మొదట్లో. మొదటిసారి వచ్చేవాళ్లకి ఇదే మంచిది. ఈ ఊరు కట్టించిన కెంపేగౌడ పేరుతో ఉన్న గోపురం, అది నిలబడ్డ బండ ఈ వైపు నుంచి దగ్గర. ఆంధ్ర నుంచి వచ్చే బస్సుల్లో శాంతినగర్ బస్టాండు దాకా వచ్చేవి ఉంటాయి. అక్కడ దిగితే ఆటోలో కొద్ది దూరమే.
- పడమటి గేటు: మెట్రోలో వచ్చేవాళ్లకి. గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్ దీనికి నడక దూరం. గ్లాస్ హౌస్, చెరువు ఈ వైపు నుంచి సులువు.
- దక్షిణం, తూర్పు గేట్లు: జయనగర్, సిద్ధాపుర వైపు ఇళ్లున్నవాళ్లకి. మీకు వాటితో పని పడదు.

రైల్లో వస్తే: యశ్వంతపూర్‌లో దిగినవాళ్లకి అదృష్టం, అక్కడి మెట్రో గ్రీన్ లైనే, మారకుండా లాల్‌బాగ్‌లో దిగొచ్చు. సిటీ స్టేషన్ అయితే మెజెస్టిక్‌కి వచ్చి గ్రీన్ లైన్ ఎక్కండి. చిక్‌పేట, కేఆర్ మార్కెట్, నేషనల్ కాలేజ్, నాలుగోది లాల్‌బాగ్. బైయప్పనహళ్లి దగ్గరి విశ్వేశ్వరయ్య టెర్మినల్‌లో దిగితే స్టేషన్‌ను ఆనుకుని మెట్రో లేదు. ఆటోలో పర్పుల్ లైన్ స్టేషన్‌కి చేరి, మెజెస్టిక్‌లో మారాలి.

ఇంకో చిన్న హెచ్చరిక. క్యాబ్ బుక్ చేసేటప్పుడు ఉత్త 'లాల్‌బాగ్' అని కొట్టి వదిలేయకండి. లాల్‌బాగ్ రోడ్డు వేరే, లాల్‌బాగ్ ఫోర్ట్ రోడ్డు వేరే, మెట్రో స్టేషన్ వేరే. 'బొటానికల్ గార్డెన్ మెయిన్ గేట్' అని వచ్చేదాకా టైపు చేయండి.

3. టికెట్ తీసుకుని వెంటనే లోపలికి పోకండి

టికెట్ ధర అప్పుడప్పుడూ మారుస్తుంటారు కాబట్టి అంకె ఇక్కడ రాయను, కౌంటర్ మీద బోర్డు ఉంటుంది. టికెట్‌ని పారేయకుండా జేబులో పెట్టుకోండి, లోపల అడగొచ్చు. బోర్డు మీద ఏవేవి తేకూడదో కూడా రాసి ఉంటుంది, ఒకసారి చదవండి. బంతి, బ్యాటు, డ్రోన్ లాంటివి తెచ్చి గేటు దగ్గర వాదన పెట్టుకోవద్దు. పెళ్లికి ముందు ఫోటోషూట్ ఆలోచన ఉంటే అనుమతి లేకుండా కుదరదు.

నడవలేనివాళ్లు ఉంటే బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి, వాటికి వేరే టికెట్. నా సలహా ఏమిటంటే పెద్దవాళ్లని బండిలో ఒక చుట్టు తిప్పి, గ్లాస్ హౌస్ దగ్గర దింపించుకుని, అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టండి. మీరు మిగతా తోట చూసి రండి. వాళ్లకీ బాగుంటుంది, మీకూ టెన్షన్ ఉండదు.

4. ముందు బండ ఎక్కండి

వరస తప్పితే అలసట రెట్టింపు అవుతుంది. బండని చివరికి వదిలితే ఎండకి అది పెనంలా కాలుతుంది, పైగా అప్పటికి కాళ్లు మొరాయిస్తాయి. అందుకే మొదట ఇదే.

దూరం నుంచి చూస్తే మామూలు గుట్ట. దగ్గరికి వెళ్లి వంగి చూడండి. బూడిద రంగు రాయిలో తెల్లటి చారలు, నల్లటి చారలు మెలికలు తిరిగి, చీర మడతల్లా కనిపిస్తాయి. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రాయి మెత్తబడి మడతలు పడిన గుర్తులవి. దీన్ని పెనిన్సులర్ నైస్ అంటారు, వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది, పక్కనే ఫలకం ఉంది. మన గోల్కొండ చుట్టుపక్కల బండలు పాతవే గానీ దాదాపు 250 కోట్ల ఏళ్లవి, అంటే దీనికి తమ్ముళ్లు.

పైన ఉన్న చిన్న గోపురం కెంపేగౌడల కాలంది. ఊరికి నాలుగు దిక్కులా ఇలాంటివి నాలుగున్నాయి. మిగతా మూడు హలసూరు చెరువు, కెంపాంబుధి చెరువు, మేఖ్రీ సర్కిల్ దగ్గర ఉన్నాయి. ఊరు ఇంతవరకే పెరుగుతుందని హద్దులు వేశారని చెబుతారు. పైకెక్కి ఒకసారి చుట్టూ చూడండి. ఆ హద్దు ఏమైందో మీకే తెలుస్తుంది.

హెచ్చరికలు: వాన పడ్డ రోజు ఎక్కకండి, తడి బండ సబ్బులా జారుతుంది. ఉరుములు వినిపిస్తే వెంటనే దిగండి, అంత ఎత్తు మీద నిలబడకూడదు. పిల్లల్ని పైనుంచి కిందికి పరుగెత్తనివ్వకండి. ఎక్కలేనివాళ్లు కిందనే తిరిగినా చాలు, చారలు కిందనే బాగా కనిపిస్తాయి.

5. చెట్లు చూడండి, కానీ అన్నీ కాదు

అన్ని చెట్ల బోర్డులూ చదవాలని మొదలుపెట్టినవాళ్లు పదో చెట్టు దగ్గర ఆగిపోతారు. అయిదు చెట్లు పెట్టుకోండి, వాటి దగ్గర నిజంగా నిలబడండి. నా అయిదు ఇవి.

*తెల్లబూరుగ.* తోటలో ఉన్న పెద్ద ముసలిది. దీని మొదలు దగ్గర వేళ్లు గోడల్లా పైకి లేచి ఉంటాయి, రెండు గోడల మధ్య ఒక మనిషి దాక్కోవచ్చు. దాక్కోకండి, కంచె ఉంది. ఇంత ఎత్తు మాను గాలికి పడకుండా నిలబెట్టేవి ఆ గోడలే.

*నాగలింగం.* పువ్వులు కొమ్మ చివర కాకుండా మాను మీదే పూస్తాయి. రాలిన పువ్వు ఒకటి తీసుకుని (కోయకండి, కిందే దొరుకుతాయి) రేకులు విప్పి చూడండి. పడగ కింద లింగం, ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. చెట్టు పుట్టిల్లు మాత్రం దక్షిణ అమెరికా. కాయలు ఫిరంగి గుండ్లలా ఉంటాయి, నిజంగానే బరువు. కింద నిలబడి సెల్ఫీ వద్దు.

*అరకేరియా.* క్రిస్మస్ చెట్టులా నిటారుగా ఉండే జాతి. వీటిలో కుక్ పైన్ అనే దానికి భూమధ్యరేఖ వైపు ఒరిగే అలవాటుంది, అంటే మనకి దక్షిణం. ఫోన్‌లో దిక్సూచి తెరిచి, కొంచెం దూరం నుంచి చూసి, మీకు కనిపించిన చెట్టు ఆ మాట వింటోందో లేదో మీరే తేల్చండి. పిల్లల్ని పావుగంట నోరు మూయించడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

*మామిడి.* నవ్వకండి. మన పెరట్లో కొట్టేసి, కత్తిరించి, మళ్లీ అంటుకట్టిన మామిడే మనం చూస్తాం. వందేళ్లు పైబడి ఎవరూ చెయ్యి పెట్టకుండా పెరిగిన మామిడి ఎంతవుతుందో ఇక్కడ చూడాలి.

*నిద్రగన్నేరు.* పొద్దున విప్పారిన ఆకులు సాయంత్రానికి ముడుచుకుంటాయి. వాన వచ్చేముందు మబ్బు పట్టినా కొంచెం అంతే. సాయంత్రం వచ్చినవాళ్లకి ఇది.

బోర్డుల దగ్గర మనకొక సౌకర్యం ఉంది. మిగతా రాష్ట్రాలవాళ్లకి లేనిది. కన్నడ లిపి మనకి సగం వచ్చినట్టే. తలకట్టు వేరేగా ఉంటుంది, 'క', 'త' లాంటి ఒకటి రెండు అక్షరాల దగ్గర తడబడతాం, మిగతావి కూడబలుక్కుంటే పలుకుతాయి. నేరళె అంటే నేరేడు, బేవు అంటే వేప, హుణసె అంటే చింత, హలసు అంటే పనస. పిల్లలకి చిన్న కిటుకు చెప్పండి: చాలా చోట్ల మన 'ప' వాళ్లకి 'హ'. పాలు హాలు, పువ్వు హూవు, పులి హులి. ఈ తాళంచెవి ఇస్తే బోర్డుల వెంట వాళ్లే పరుగెడతారు, ఆపడం మీ పని.

ఒక్క జాగ్రత్త. పెద్ద చెట్ల మీద తేనెతుట్టెలు ఉంటాయి. రాళ్లు విసరడం, కింద సిగరెట్ వెలిగించడం లాంటివి ప్రాణం మీదకి తెస్తాయి. గాలి గట్టిగా వీస్తుంటే ముసలి చెట్ల కింద కూర్చోకండి, కొమ్మలు విరుగుతాయి.

6. గ్లాస్ హౌస్‌ని పక్క నుంచి చూడండి

1889 నవంబరులో బ్రిటిష్ యువరాజు ఆల్బర్ట్ విక్టర్ దీనికి శంకుస్థాపన చేశాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ని చూసి వేసిన నమూనా. ఇనుప స్తంభాలూ కమానులూ స్కాట్లాండ్ గ్లాస్గోలోని సారసెన్ ఫౌండ్రీలో పోతపోయించి ఓడల్లో తెప్పించారు. 1935లో పొడిగించినప్పుడు మాత్రం ఇనుము మన పక్కనున్న భద్రావతి నుంచే వచ్చింది.

అందరూ ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుంటారు. అలా తీస్తే అది పెద్ద షెడ్డులా వస్తుంది. పక్కకి జరిగి, రెండు వైపుల రెక్కలూ కనిపించేలా మూల నుంచి తీయండి. ఉదయం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఇనుప నగిషీ నీడ నేల మీద పడుతుంది. లోపలికి అన్ని రోజులూ వదలరు, ప్రదర్శనల సమయంలోనే సరిగ్గా తెరుస్తారు. తాళం వేసి ఉంటే దిగులు పడకండి, బయట నుంచి చూడాల్సిందే ఎక్కువ.

ఆ చుట్టుపక్కలే పాత బ్యాండ్ స్టాండు, పావురాల గూడు ఉంటాయి. హెచ్ఎంటీ వాళ్లు 1983లో ఇచ్చిన పూల గడియారం కూడా తోటలో ఉంది. నాకు దాని మీద పెద్ద మోజు లేదు గానీ పిల్లలు అడుగుతారు.

7. చెరువు చుట్టూ నడిచి బయటపడండి

దక్షిణం వైపు చెరువు. ఇక్కడ తొందర పనికిరాదు. గట్టు మీద పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే నీటికాకి రెక్కలు ఆరబెట్టుకోవడం, కొంగ ఒంటికాలి మీద నిలబడటం కనిపిస్తాయి. చేపలకీ పిట్టలకీ బ్రెడ్డు, మురమురాలు వేయకండి. పుణ్యం అనుకుంటారు, నీళ్లు కుళ్లుతాయి. సాయంత్రమైతే దోమలు ఉంటాయి, చేతులు కప్పే బట్టలు వేసుకోండి.

ఇక్కడ నుంచి పడమటి గేటు దగ్గర. మెట్రో పట్టుకోవచ్చు. మెయిన్ గేటు దగ్గర కారు పెట్టినవాళ్లు మళ్లీ తోటంతా దాటి వెనక్కి నడవాలని ముందే గుర్తుంచుకోండి.

8. మొక్కలు కొనాలంటే

ఇంటికి మొక్క తేకపోతే మా ఇంట్లో కొందరికి లాల్‌బాగ్ వెళ్లినట్టే కాదు. నర్సరీమెన్ కోఆపరేటివ్ సొసైటీ అమ్మకాలు ఉన్నాయి, ధర బయటకంటే నమ్మకంగా ఉంటుంది. కొనడం చివర్లో పెట్టుకోండి, కుండీ మోసుకుంటూ బండ ఎక్కలేరు.

కొనేముందు మూడు చూడండి. ఆకు తిప్పి అడుగున తెల్లటి పొడో నల్లటి చుక్కలో ఉన్నాయా. కాండం మొదట్లో మెత్తగా ఉందా. సంచి అడుగు నుంచి వేళ్లు బయటికి అల్లుకుపోయాయా. ఏ ఒక్కటి ఉన్నా వదిలేయండి.

అసలు పొరపాటు ఇవేవీ కాదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నిగనిగలాడే హైడ్రాంజియా, బిగోనియా, ఫ్యూషియాలు విజయవాడ మే నెలని చూస్తే రెండు వారాల్లో తల వాలుస్తాయి. కోస్తాకీ తెలంగాణకీ పట్టుకెళ్లేవాళ్లు మందారం, కాగితం పువ్వు, నిమ్మజాతి, క్రోటన్లు లాంటివి చూసుకోండి. బస్సులో తీసుకెళ్తుంటే ముందు రోజు నీళ్లు పోయకండి, మట్టి బరువెక్కి సంచి చిరుగుతుంది. ఇంటికి చేరాక వారం రోజులు నీడలో ఉంచి తర్వాత కుండీ మార్చండి.

ఆకలి సంగతి: లోపల హాప్‌కామ్స్ (తోట రైతుల సహకార సంస్థ) పళ్ల రసాలు దొరుకుతాయి. టిఫినుకి మెయిన్ గేటు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో 1924 నాటి ఎంటీఆర్ హోటల్ ఉంది. రవ్వ ఇడ్లీ తమ దగ్గరే పుట్టిందని వాళ్ల మాట. సెలవు రోజు ఉదయం వరస పొడుగ్గా ఉంటుంది. ముందు ఒకరు వెళ్లి పేరు రాయించి, మిగతావాళ్లు తీరిగ్గా రావడం తెలివైన పని.

9. పూల ప్రదర్శనకే వస్తుంటే, పద్ధతి వేరు

రిపబ్లిక్ డేకి, స్వాతంత్ర్య దినోత్సవానికి ముందూ వెనకా కొన్ని రోజులపాటు గ్లాస్ హౌస్‌లో పూల ప్రదర్శన జరుగుతుంది. ఇది తోట చూడటం కాదు, జాతర చూడటం. రెండూ ఒకే రోజు కావాలంటే రెండూ దక్కవు.

- జనవరి 26, ఆగస్టు 15, మధ్యలో వచ్చే శని, ఆదివారాలు వదిలేయండి. పనిదినం పొద్దున్నే రండి.
- కారు తేకండి. తెస్తే శాంతినగర్ బస్టాండు పార్కింగులో పెట్టి నడవండి. గేటు దాకా తెచ్చి చోటు వెతుక్కుంటే పూట అక్కడే అయిపోతుంది.
- మెట్రోకి తిరుగు టికెట్ ముందే చూసుకోండి. సాయంత్రం స్టేషన్‌లో వరస గేటు దాకా వస్తుంది.
- చిన్నపిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. 'గ్లాస్ హౌస్ దగ్గర' అనకండి, అందరూ అక్కడే ఉంటారు. 'బ్యాండ్ స్టాండు మెట్లు' అనండి.

సరిగ్గా చూశారో లేదో ఇలా తెలుసుకోండి

బయటికి వచ్చాక, ఫోన్ తీయకుండా, ఒకరినొకరు ఈ ప్రశ్నలు వేసుకోండి.

బండ మీది చారలు ఏ రంగువి? తెల్లబూరుగ వేళ్లు మీ నడుం దాకా ఉన్నాయా, భుజం దాకానా? కన్నడ బోర్డు మీద మీరు సొంతంగా చదివిన చెట్టు పేరు ఏది? చెరువులో చూసిన పిట్ట ఒకటి చెప్పండి. ఏ గేటు నుంచి వచ్చారు, ఏ గేటు నుంచి బయటపడ్డారు?

అయిదింట్లో మూడు చెప్పగలిగితే మీ పూట వృథా కాలేదు. ఒక్కటే చెప్పగలిగితే ఎక్కువసేపు ఫోటోల్లో గడిచిందన్నమాట. దానికి విరుగుడు సులువు. టికెట్ పెద్ద ఖరీదేం కాదు, మర్నాడు ఉదయం మళ్లీ వెళ్లి ఒక్క బండా, రెండు చెట్లూ చూసి రండి. ఫోన్ గ్యాలరీలో ఇరవై ఫోటోలకంటే ఎక్కువ మీ మొహాలే ఉంటే కూడా అదే మందు.

ఒకవేళ అనుకున్నట్టు జరక్కపోతే:

వాన పట్టుకుంటే చెట్టు కిందికి పరుగెత్తకండి, గేటు దగ్గరి కౌంటర్ల వైపో, దగ్గర్లోని కట్టడం వైపో నడవండి. దారి తప్పితే నడకకు వచ్చినవాళ్లని అడగండి. తెలుగు తెలిసినవాళ్లు ఈ ఊళ్లో పది మందిలో కనీసం ఒకరిద్దరు తగులుతారు, లేదంటే "మెయిన్ గేట్ ఎల్లి?" అంటే చాలు, చెయ్యి చూపిస్తారు. ఎవరైనా కళ్లు తిరుగుతున్నాయంటే నడిపించకండి, బెంచీ మీద కూర్చోబెట్టి బ్యాటరీ బండిని పిలవండి.

మిగిలింది ఒక్కటే. బయల్దేరేముందు మీవాళ్లందరికీ గేటు లొకేషన్ పంపండి, "చూశాను" అని తిరుగు జవాబు వచ్చేదాకా ఇల్లు కదలకండి. మా పెదనాన్న ఇప్పటికీ ఆ బోండాలాయన సంగతి ఎత్తుతుంటాడు.